పెద్దకర్మ కార్డు మీద నాన్న పేరు కింద ఏం రాయించాలి?

గరువుమడి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాన్న పోయి ఇవాళ్టికి నాలుగు రోజులు. డెబ్బై ఏడేళ్లు. కోతలు అయ్యాయి, కల్లంలో కుప్ప వేయించారు, సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. అమ్మ చెంబు తెచ్చేసరికి గోడకి ఆనుకుని ఉన్నారు. అంతే.

పదకొండో రోజు పెద్దకర్మ. కార్డు మ్యాటర్ రేపు సాయంత్రంలోగా ప్రెస్సుకి ఇవ్వాలి. పేరు కింద ఒక వరుస వేయిస్తారు కదా, మా ఇంట్లో మాట అక్కడ ఆగిపోయింది. తమ్ముడు "మాజీ సైనికులు, విశాఖ ఉక్కు విశ్రాంత ఉద్యోగి" అని రాశాడు. చదివి వినిపిస్తే అమ్మ ఒక్కటే అడిగింది, "రైతని లేదేం?" అని. "ఊళ్లో అందరూ రైతులేగా అమ్మా" అన్నాడు వాడు. అమ్మ ఇంకేం అనలేదు, లేచి లోపలికి వెళ్లిపోయింది.

భోజనాలకు ముందు నాన్న గురించి నాలుగు మాటలు చెప్పే పని నా మీద పెట్టారు. రాద్దామని కూర్చుంటే నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థమైంది. మాది శ్రీకాకుళం జిల్లా, వంశధార పక్క ఊరు. రెండెకరాల చిల్లర పొలం, కొంత పల్లం, కొంత గరువు (మెట్ట). నాన్న 1967లో పంతొమ్మిదో ఏట మిలట్రీలో చేరారు. 1982లో హవల్దారుగా వచ్చేశారు. నాలుగేళ్లు ఊళ్లో వ్యవసాయం. 1986లో వైజాగ్ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం, 2008లో రిటైర్మెంట్. ఆ నెల తిరక్కుండానే క్వార్టర్ ఖాళీ చేసి ఊరికొచ్చి మళ్లీ పొలంలో దిగారు. ఊళ్లో ఆయన్ని చివరిదాకా "మిలట్రీ" అనే పిలిచారు. యుద్ధం గురించి మాత్రం ఆయన నోట ఒక్క మాట వినలేదు. చిన్నప్పుడు అడిగితే "ఏముంది, చలి" అనేవారు.

నిన్న అటక మీంచి నల్ల ట్రంకు పెట్టె దించాం. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన నంబరు. లోపల డిశ్చార్జి బుక్కు, అమ్మ పాత చీర ముక్కలో చుట్టిన ఐదు మెడల్స్, గోగునారతో కట్టిన మనియార్డరు కూపన్ల కట్ట (తాత దాచినవి కాబోలు), మిలట్రీ సెలవు కాగితాలు, ప్లాంటు గేటు పాసు, ఒక పాత స్టాంపు కాగితం ఉన్నాయి. డిశ్చార్జి బుక్కులో సగం పొట్టి అక్షరాలే, మాకు అర్థం కావడం లేదు. ట్రైనింగ్ బెంగళూరులో అని, ట్రేడు దగ్గర "ఓ.ఇ.ఎం." అని ఉంది. కూపన్ల మీద పంపిన చోటు "56 ఎ.పి.ఓ." అని ఉంది, అది ఏ రాష్ట్రంలో ఊరో వెతికినా దొరకలేదు. "బంగ్లాదేశ్ యుద్ధంలో పోరాడారు" అని మైకులో చెప్పమంటున్నాడు తమ్ముడు. 1971లో ఆయన సర్వీసులోనే ఉన్నారు కాబట్టి అది నిజమే అనుకుంటున్నాం. నిజమేనా? ప్లాంటులో డోజరు నడిపేవారని తెలుసు, ఆ పని ఎలా ఉంటుందో తెలీదు.

తప్పు చెప్పకూడదని నా భయం. ఆయన ఎప్పుడూ లేనిది చెప్పుకున్న మనిషి కాదు.

తంబీ_రిటైర్డ్

అమ్మా, ముందుగా మీ నాన్నగారికి నా సెల్యూట్. బెంగళూరులో ట్రైనింగ్, ఓ.ఇ.ఎం. ట్రేడ్ అన్నారు కాబట్టి ఆయన మా వాడే అయ్యుండాలి. ఉల్సూరు చెరువు పక్కన ఉంటుంది మా సెంటర్, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. మద్రాస్ సాపర్స్ అంటారు. సాపర్ అంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే సిపాయి. నాలుగు దక్షిణాది భాషల కుర్రాళ్లు అక్కడే కలుస్తారు, అందరినీ "తంబీ" అనే పిలుస్తారు. నేను 1984లో చేరాను, మీ నాన్నగారు వచ్చేసిన రెండేళ్లకి.

ఓ.ఇ.ఎం. అంటే ఆపరేటర్ ఎక్స్‌కవేటింగ్ మెషినరీ. బుల్‌డోజర్లు, మట్టి తవ్వే యంత్రాలు నడిపే ట్రేడ్. ప్లాంటులో డోజరు ఉద్యోగం ఎలా వచ్చిందో ఇక వేరే చెప్పక్కర్లేదు కదా.

56 ఎ.పి.ఓ. ఊరు కాదమ్మా. ఆర్మీ పోస్టాఫీసు నంబరు. యూనిట్ ఎక్కడుందో బయటికి తెలియకూడదని అందరి ఉత్తరాలూ ఆ నంబరు మీదే నడుస్తాయి. అందులో ఒక ఆనవాలు మాత్రం ఉంది. పడమటి వైపు ఉన్నవాళ్ల టపా ఢిల్లీ మీదుగా 56కి, తూర్పు వైపు వాళ్లది కలకత్తా మీదుగా 99కి వెళ్తుంది. మీ నాన్నగారు బంగ్లాదేశ్ వైపు ఉంటే ఆ రోజుల కూపన్ల మీద 99 ఉండాలి. కాబట్టి మైకులో ఆ మాట చెప్పే ముందు మెడల్స్ చూడండి. 1971లో తూర్పున ఉన్నవాళ్లకి పూర్వీ స్టార్, పడమట ఉన్నవాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. ఐదు కోణాల నక్షత్రంలా ఉంటుంది. అలాగే గుండ్రటి మెడల్స్ అంచు చుట్టూ నంబరు, ర్యాంకు, పేరు చెక్కి ఉంటాయి. చాలామంది ముఖం వైపు చూసి దాచేస్తారు, అంచు చూడరు. కొంచెం చింతపండుతో తుడిచి భూతద్దం పెట్టండి. తుడవడం మెత్తగా, రుద్దకండి.

డిశ్చార్జి బుక్కులో యూనిట్ల వరుస ఉన్న పేజీ చూసి రెజిమెంటు నంబరు రాయండి.

గరువుమడి

బాబాయ్ గారూ (అలా పిలవొచ్చు కదా), మీరు చెప్పినట్టే చేశాం. నక్షత్రం ఉంది. హిందీ అక్షరాలు అరిగిపోయాయి, మా అబ్బాయి వేలితో తడిమి "పశ్చిమీ" అని చదివాడు. ఒక గుండ్రటి మెడల్ అంచు మీద నాన్న పేరు ఉంది. పేరుకి ముందు "సాపర్" అని ఉంది. యాభై ఏళ్లు ఈ ఇంట్లో ఉన్న వస్తువు మీద ఆయన పేరు ఉన్న సంగతి అమ్మక్కూడా తెలీదు. దాన్ని పట్టుకుని అంచు మీద గోరు పెట్టి రెండు మూడు సార్లు తిప్పింది. అమ్మకి చదువు రాదు. "ఇక్కడ మొదలా, ఇక్కడ ఆఖరా" అని అడిగింది.

యూనిట్ పేజీలో 1970 నుంచి 1974 దాకా 9 ఇంజనీర్ రెజిమెంట్ అని ఉంది.

తంబీ_రిటైర్డ్

అమ్మా, 9 అని చదవగానే లేచి నిలబడ్డాను.

9 ఇంజనీర్ రెజిమెంట్ అంటే బసంతర్. పడమటి సరిహద్దున షకర్‌గఢ్ సెక్టారులో బసంతర్ నది దగ్గర 1971 డిసెంబరు మధ్యలో జరిగిన ట్యాంకుల యుద్ధం పేరు మీరు వినే ఉంటారు. ఇరవై ఒక్క ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ పరమవీర చక్ర పొందింది అక్కడే, డిసెంబరు 16న. ఆయన ట్యాంకులు నది దాటి ముందుకెళ్లాలంటే ముందు మైన్‌ఫీల్డులో దారి తీయాలి. ఆ దారి తీసింది సాపర్లు. శత్రువు ఫిరంగులు కొడుతుండగా, రాత్రిపూట. ఆ రెజిమెంటు అధికారి మేజర్ విజయ్ రతన్ చౌదరికి మరణానంతరం మహావీర్ చక్ర ఇచ్చారు.

ట్రేడ్ ఏదైనా ప్రతి సాపరుకీ మైన్లు తీయడం నేర్పుతారు. బోర్లా పడుకుని, ప్రాడర్ అనే సన్నటి చువ్వని ఏటవాలుగా నేలలోకి గుచ్చుతూ వెళ్లాలి. నిలువుగా గుచ్చితే మైను నెత్తి మీద తగులుతుంది, ఏటవాలుగా అయితే పక్కకి తగులుతుంది. జానెడు జానెడు. తీసిన దారికి రెండు వైపులా తెల్ల టేపు పరుస్తారు. ఆ టేపు దాటి కాలు పెట్టకూడదు. ముందువాడి అడుగులోనే అడుగు వేయాలి.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. బుక్కులో యూనిట్ ఉంటుంది గాని ఏ రాత్రి ఎవరు ఎక్కడ పనిచేశారో ఉండదు. "బసంతర్ యుద్ధంలో పాల్గొన్న రెజిమెంటులో పనిచేశారు" అనండి. అది నూటికి నూరుపాళ్లు నిజం, పెద్ద మాట కూడాను. మిగతా మెడల్స్‌లో సంగ్రామ్ మెడల్ కూడా ఆ యుద్ధానిదే. ఒకటి స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లయిన సందర్భానిది, 1972 ఆగస్టు 15న సర్వీసులో ఉన్నవాళ్లకి ఇచ్చింది. సైన్య సేవా మెడల్ రిబ్బను మీద చిన్న పట్టీ ఉంటే దాని మీద ఏ ప్రాంతమో రాసి ఉంటుంది, చూడండి.

ఇక "ఏముంది, చలి" అన్నారన్నారు. డిసెంబరులో ఆ నది నీళ్లలో దిగి పనిచేసినవాళ్లు చెప్పే మొదటి మాట అదేనమ్మా.

గరువుమడి

బాబాయ్ గారూ, అడుగులో అడుగు అన్నారు చూశారా, అది చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

చిన్నప్పుడు సెలవులకి ఊరొచ్చినప్పుడు నాన్న మమ్మల్ని పొలం తీసుకెళ్లేవారు. గట్టు మీద నడిచేటప్పుడు ముందు ఆయన, వెనక నేను, నా వెనక తమ్ముడు. "నా అడుగులో అడుగేసి రా" అనేవారు. ఆయన అంగలు పెద్దవి, నాకు అందేవి కావు, గెంతేదాన్ని. పక్కకి వేస్తే ఆగిపోయేవారు. తిట్టేవారు కాదు. నేను మళ్లీ సరిగ్గా వేసేదాకా కదిలేవారు కాదు. పాములకి భయపడి అలా అంటారని అనుకునేదాన్ని. పాముల భయమే అయ్యుండొచ్చు కూడా, మా గట్ల మీద పాములు ఎక్కువే. ఈ మాట మైకులో చెప్పను. ఇక్కడ మీతో చెప్పుకోవాలనిపించింది.

పట్టీ చూశాం, "జమ్మూ కాశ్మీర్" అని ఉంది.

యార్డు_మనిషి

మేడమ్, నేను ఆర్‌ఎంహెచ్‌పీలో చేసి రిటైరయ్యాను. రా మెటీరియల్ హ్యాండ్లింగ్ ప్లాంట్, వాడుకలో యార్డు అంటాం. డోజరు అంటే మీ నాన్నగారు ఎక్కువ కాలం మా యార్డులోనే ఉండుంటారు. మా ఊరి పొలాలు కూడా ప్లాంటు లోపలికి వచ్చాయి, ఆర్ కార్డు (భూమి పోయినవాళ్లకి ఇచ్చిన పునరావాస కార్డు) మీద నాకు ఉద్యోగం. అందుకే మీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను.

యార్డు గురించి చెప్తాను. ఫర్నేసు అందరూ ఫొటో తీసుకునేది. దానికి తిండి పెట్టేది యార్డు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం కొత్తవలస-కిరండూల్ లైను మీద గూడ్సు రైళ్లు రైళ్లుగా దిగుతుంది. మా రోజుల్లో జగ్గయ్యపేట నుంచి సున్నపురాయి, మాదారం నుంచి డోలమైట్, గర్భాం నుంచి మాంగనీసు వచ్చేవి. బొగ్గు ఓడల్లో వస్తుంది. వ్యాగన్ టిప్లర్ నిండు వ్యాగన్‌ని రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టి బోర్లించేస్తుంది. బెల్టు మీద వెళ్లి స్టాకర్ కుప్ప పోస్తుంది, రీక్లెయిమర్ తోడుకుంటుంది. కుప్ప అనే అంటాం మేమూ. కుప్ప జారిపోయినా, అంచులు చెదిరిపోయినా, రీక్లెయిమర్‌కి అందని మూల మిగిలినా డోజరు ఎక్కాలి. ముఖ్యంగా బొగ్గు కుప్ప. వదులుగా ఉంటే లోపలికి గాలి చొరబడి వేడెక్కుతుంది, పొగ మొదలవుతుంది. డోజరుతో తొక్కించి గట్టి చేయాలి. ఏటవాలు కుప్ప మీద అంత బరువైన బండిని పైకి, కిందికి నడపడం అందరివల్లా కాదు. కింద నేల ఉందో, గుల్ల ఉందో సీట్లో కూర్చున్నవాడికి నడుముకి తెలియాలి.

వానాకాలం మాకు నరకం. తడిసిన ఖనిజం ముద్దయి చ్యూటుల్లో ఇరుక్కుపోతుంది, బెల్టు ఆగుతుంది, పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, అందరికీ టెన్షన్. పొలం చేసి వచ్చినవాళ్లు మా షిఫ్టులో కొందరుండేవాళ్లు. సముద్రం వైపు మబ్బు చూసి "గంటలో కొడతాది" అని ముందే చెప్పేవాళ్లు, మేం సర్దుకునేవాళ్లం.

ఏ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బీ షిఫ్టు రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. సీ షిఫ్టు చేసి పొద్దున్న కూర్మన్నపాలెం జంక్షన్‌లో టీ తాగి ఇంటికెళ్లి పడుకోవడం. ఇరవై రెండేళ్లు అలా చేశారంటే ఆయన మామూలు మనిషి కాదు. ఆయన చేరిన 1986 నాటికి అక్కడ ఇంకా కట్టడమే నడుస్తోంది. మొదటి ఫర్నేసు, గోదావరి అని పేరు దానికి, 1990లో వెలిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు గారు వచ్చి ప్లాంటుని జాతికి అంకితం చేశారు. అంటే పునాదుల మట్టి దగ్గర్నుంచి కరిగిన ఇనుము దాకా చూసిన బ్యాచ్ మీ నాన్నగారిది. ఈ ప్లాంటు కోసం 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. ఆయన మిలట్రీలో చేరడానికి ఏడాది ముందు. ఆ వరుస కూడా సభలో చెప్పండి, ఇప్పటి పిల్లలకి తెలియాలి.

రిటైరైన నెలలోనే ఊరెళ్లిపోయారన్నారు. ఉక్కునగరం వదిలి వెళ్లలేక ఆ చుట్టుపక్కలే ఇళ్లు కట్టుకున్నవాళ్లం చాలామందిమి. వెనక్కి వెళ్లడానికి ఆయనకి పొలం ఉంది. అది నిలబెట్టుకున్నారు చూడండి, నాకు అది పెద్ద విషయం.

గరువుమడి

అన్నయ్య గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. తర్వాత నాకు తెలియని సంగతి చెప్పింది. నాన్న షిఫ్టు దిగి వచ్చాక యూనిఫాం బకెట్లో నానబెడితే నీళ్ల రంగు చూసి ఆ రోజు ఏ కుప్ప మీద ఉన్నారో అమ్మ చెప్పేసేదట. ఎర్ర నీళ్లయితే ఖనిజం, నల్ల నీళ్లయితే బొగ్గు, తెల్ల తేట అడుగున పేరుకుంటే సున్నపురాయి. "ఎర్ర నీళ్లు మన గరువు మట్టి రంగే" అంది. ఆ నీళ్లు క్వార్టర్ వెనక అరటి మొక్కకి పోసేదట.

ఉద్దానం_కోడలు

అక్కా, మాది పలాస పక్క. నాకు మిలట్రీ గురించీ తెలీదు, ప్లాంటు గురించీ తెలీదు. ఒక్క చిన్న మాట. సెలవు కాగితాలు ఉన్నాయన్నారు కదా, వాటి మీద తేదీలు వరసగా ఒక కాగితం మీద రాసి చూడండి. మా మామగారు కూడా మిలట్రీలో చేశారు. మా అత్తగారు ఆయన సెలవుల గురించి ఒక మాట చెబుతూ ఉంటారు, అది నిజమో కాదో మీ కాగితాల్లో తేలుతుందని అడుగుతున్నాను. మీరు రాశాకే చెప్తాను.

గరువుమడి

చెల్లీ, రాశాను. పదకొండు కాగితాలు ఉన్నాయి. 1969 జూలై. 1970 జూలై. 1972 జూలై. 1973 ఆగస్టు మొదటి వారం. 1974 జూలై. మిగతావి కూడా అంతే, అన్నీ జూలై, ఆగస్టు. సంక్రాంతికి ఒక్కటి లేదు. మా అత్త పెళ్లి వేసవిలో అయింది, దానికీ రాలేదు. నేను పుట్టింది ఫిబ్రవరిలో, ఆ నెలా లేదు.

మీరు అడిగింది ఇదేనా? ఉభాలకి (వరినాట్లకి)?

ఉద్దానం_కోడలు

అదే అక్కా. మా అత్తగారు "మీ మామ నన్ను చూడ్డానికి ఎప్పుడూ రాలేదు, ఉభాలకి వచ్చి నన్ను చూసేవాడు" అంటారు. పండగకి ఇల్లుంటుంది, నాట్లకి మనిషి ఉండాలి. ఎద జల్లుకునే పొలమైతే కొంచెం అటూ ఇటూ అయినా గడుస్తుంది, ఊడ్చే (నారు నాటే) పల్లానికి ఆ పదిహేను రోజులు మగమనిషి లేకపోతే నారు ముదిరిపోతుంది. దమ్ము పట్టాలి, గట్లు చెక్కాలి, మదుం (తూము) దగ్గర రాత్రిళ్లు నీళ్లకి కాపలా ఉండాలి. ఏడాది సెలవంతా దాచుకుని దానికి తెచ్చేవాళ్లు.

మీ అమ్మగారు రైతు అని ఎందుకు లేదని అడిగారంటే ఊరికే అడగలేదక్కా.

మాజీ_క్లర్కు_సంక్షేమం

నడుమ వచ్చి పని మాట చెబుతున్నాను, ఏమనుకోకండి. కర్మ అయ్యాక ఆలస్యం చేయకుండా మీ అమ్మగారి కుటుంబ పింఛన్ కదిలించండి. డెత్ సర్టిఫికెట్, ఆయన పీపీఓ (పింఛన్ మంజూరు పత్రం), డిశ్చార్జి బుక్కు, అమ్మగారి ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, స్పర్శ్ అనే రక్షణ శాఖ ఆన్‌లైన్ పింఛన్ వ్యవస్థలో వివరాలు ఎక్కించడానికి సాయం చేస్తారు. అన్నిటికంటే ముందు పీపీఓలో అమ్మగారి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో చూడండి. ఇంటిపేరు ఒక చోట ఉండి ఒక చోట లేక, ఒక అక్షరం తేడాతో ఏళ్లు తిరిగిన వాళ్లను చూశాను. ప్లాంటు వైపు నుంచి ఆయనకి ఈపీఎస్-95 (పీఎఫ్ తరఫు) పింఛన్ వస్తుంటే, అందులో సగం అమ్మగారికి వస్తుంది, దానికి దరఖాస్తు వేరే పెట్టాలి. మిలట్రీది వస్తే రెండోది రాదని ఎవరైనా అంటే నమ్మకండి. అమ్మగారి ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల ఆరోగ్య పథకం) వైద్యం కొనసాగుతుంది. ఆ డిశ్చార్జి బుక్కు ఒరిజినల్ ఎవరి చేతికీ ఇచ్చి రాకండి, కాపీలే ఇవ్వండి.

గరువుమడి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. పింఛన్ సంగతి తమ్ముడు రాసుకున్నాడు. పీపీఓ చూశాం, అమ్మ పేరులో నిజంగానే ఒక అక్షరం తేడా ఉంది.

నిన్న రాత్రి కూపన్ల కట్ట విప్పాం. అమ్మ, తమ్ముడు, నేను, మా అబ్బాయి. మనియార్డరు ఫారం కింద ముక్కలో రెండు మూడు వరసలు రాసుకునే చోటు ఉండేది కదా, ఇప్పటి పిల్లలు చూసి ఉండరు. అరచేతిలో పట్టేంత కాగితం. అందులో నాన్న గుండ్రటి అక్షరాలు. తాతకి రాసినవి. కొన్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ పెడుతున్నాను.

1968: "నాయనకు నమస్కారములు. 40 పంపినాను. 25 షావుకారికి కట్టి చీటీ మీద రాయించుకోవలెను. ఎర్రెద్దు కాలు ఎట్లున్నది?"

1969: "50 పంపినాను. ఎర్రెద్దుకు వేపనూనె రాయండి. ఉభాలకు వచ్చెదను. నారు నేను వచ్చినాకనే పీకవలెను."

1970: "ఎర్రెద్దును అమ్మవద్దు. వచ్చే నెల ఎక్కువ పంపెదను."

1971 అక్టోబరు తర్వాత కూపన్ లేదు. మళ్లీ 1972 జనవరిది. 56 ఎ.పి.ఓ. ముద్ర స్పష్టంగా ఉంది. బాబాయ్ గారు చెప్పిన ఆ నది, ఆ రాత్రులు అయిపోయిన కొన్ని వారాలకి రాసింది. అందులో ఇంతే ఉంది: "నేను క్షేమము. 90 పంపినాను. గరువులో ఉలవ పీకినారా? చలి ఎక్కువగా నున్నది."

తమ్ముడు దాన్ని చేతిలోకి తీసుకుని దీపం దగ్గరికి వెళ్లి మళ్లీ చదివాడు. చాలాసేపు మాట్లాడలేదు.

స్టాంపు కాగితం ఏమిటో కూడా అమ్మ చెప్పింది. తాత ఎప్పుడో ఎకరం ముప్పై సెంట్ల పల్లం తనఖా పెట్టాడు. నాన్న మిలట్రీకి వెళ్లింది దాన్ని విడిపించడానికి. ఆ కాగితం తనఖా విడుదల పత్రం, 1976ది. తొమ్మిదేళ్లు నెలనెలా కట్టారన్నమాట. మాకెవరికీ ఈ సంగతి తెలీదు. "మీకెందుకు చెప్తాం, అప్పు తీరిపోయింది కదా" అంది అమ్మ. తమ పెళ్లి గురించీ చెప్పింది. 1974 శ్రావణంలో, నాట్లు అయిన నాలుగో రోజు. పీటల మీద కాళ్లు కడుగుతుంటే చూసిందట, నాన్న కాలివేళ్ల సందులన్నీ బురదకి ఒరిసిపోయి ఎర్రగా ఉన్నాయట. మిలట్రీ సంబంధం అని పుట్టింటివాళ్లు చెబితే బూట్లేసుకుని ఉంటాడనుకుందట.

కార్డు ఈ పొద్దున్న ప్రెస్సుకి ఇచ్చాం. తమ్ముడే రాశాడు, నేను అడగలేదు. పేరు కింద మొదటి వరుస "రైతు". రెండో వరుస "హవల్దారు, మద్రాస్ సాపర్స్, 1967-1982". మూడోది "విశాఖ ఉక్కు కర్మాగారం, 1986-2008". ప్రెస్సు ఆయన పెద్ద హోదా పైన వేస్తే బాగుంటుంది కదా అన్నాడట. వరుస అలాగే ఉంచండి అని చెప్పి వచ్చాడు.

కర్మ రోజు నేను పెద్దగా ఏమీ మాట్లాడను. రెజిమెంటు పేరు, యార్డు పని, 1966 సంగతి చెప్పి, ఆ నాలుగు కూపన్లు చదివి కూర్చుంటాను. ఎర్రెద్దు ఏమైందని అమ్మని అడిగాను. తను కాపురానికి వచ్చేసరికి ఇంకా ఉందట, కొంచెం కుంటేదట.

కుప్ప కల్లంలో అలాగే ఉంది. తమ్ముడు ఆఫీసుకి ఫోన్ చేసి నూర్పు అయ్యేదాకా సెలవు పొడిగించుకున్నాడు.